రాయబారం కృష్ణుడి రేటు

మా హార్మోనియం మాస్టారు పోయారని తమ్ముడు ఫోన్ చేశాడు. చివరిచూపుకి అందలేకపోయాను గానీ పెద్దకర్మకి వెళ్ళాను. భోజనాలయ్యాక వరండాలో కూర్చుంటే లోపలి గదిలో ఓ మూల మాస్టారి కాళ్ళ పెట్టె కనిపించింది. కాలితో తొక్కుతూ రెండు చేతులతో వాయించే హార్మోనియం అది. పైన దుప్పటి కప్పారు, దుప్పటి మీద ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు.

"అన్నయ్యా, నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా? దీనికి ఎంతొస్తుందంటావు?" అన్నాడు మాస్టారి పెద్దబ్బాయి. అప్పటికే గుంటూరు నుంచి పెట్టెలు బాగుచేసే ఆయనొకరు వచ్చి చూశాట్ట. చెక్కకి ఏమీ రాదు, లోపలి రీడ్లు జర్మనీవి కాబట్టి వాటికైతే ఏదో ఒకటి ఇస్తానన్నాట్ట. హైదరాబాదులో హోటల్ పెడుతున్న ఒకాయన అంతకు రెట్టింపు ఇస్తానని కబురు పెట్టాడు. గుమ్మం దగ్గర అలంకారానికి పెట్టుకుంటాడట, మోగకపోయినా పర్లేదట.

అలా అడిగాడని ఆ అబ్బాయిని తప్పుపట్టలేదు. మా ఊళ్ళో నాటకం ఏనాడూ డబ్బు లెక్క లేకుండా ఆడలేదు. ఆ లెక్కలు రాసింది మా నాన్నే.

*

తెనాలికి దగ్గర్లోనే మా ఊరు. శ్రీరామనవమికి పందిరి వేస్తే, ఆ పందిరి కింద ఒకరాత్రి కురుక్షేత్రం, ఒకరాత్రి హరిశ్చంద్ర ఆడాల్సిందే. ఇంకా డబ్బు మిగిలితే హరికథ. కమిటీలో డబ్బు పెట్టె మా నాన్న దగ్గర ఉండేది. ఉగాది ఇంకా వారం ఉందనగా ఆయన, మా పెదనాన్న, ఇంకో ఇద్దరు కలిసి తెనాలి వెళ్ళి నటుల్ని మాట్లాడుకొచ్చేవాళ్ళు. కాంట్రాక్టు నాటకాలనేవాళ్ళు వాటిని. అంటే ఒక సమాజం వాళ్ళందరినీ గంపగుత్తగా తెచ్చుకోవడం కాదు. ఈ పాత్రకి ఈయన, ఆ పాత్రకి ఆయన అని విడివిడిగా బేరమాడి తెచ్చుకోవడం. అర్జునుడు ఒక ఊరి నుంచి వస్తాడు, దుర్యోధనుడు ఇంకో ఊరి నుంచి. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు మేకప్ గదిలోనే చూసుకుంటారు. అయినా తెల్లవార్లూ ఒక్క పద్యం తప్పిపోయేది కాదు.

కృష్ణుడి సంగతి ఈ కాలం పిల్లలకి చెబితే నవ్వుతారు. ఒక రాత్రికి ముగ్గురు కృష్ణులు. అర్జునుడూ దుర్యోధనుడూ సాయం అడగడానికి వచ్చేసరికి కృష్ణుడు పడుకుని ఉంటాడే, ఆ పడక సీనుకి ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు, యుద్ధానికి మూడో కృష్ణుడు. అందరికంటే రాయబారం కృష్ణుడి రేటు ఎక్కువ, ఎందుకంటే జనం వచ్చేదే ఆ సీను కోసం. యుద్ధం కృష్ణుడు వచ్చేసరికి తెల్లవారుజాము మూడవుతుంది, సగం జనం గోనెపట్టాల మీద నిద్రలో ఉంటారు, కాబట్టి ఆయన రేటు తక్కువ. ఒక ఏడు పంటలు సరిగా లేక, మొదటి కృష్ణుడే యుద్ధం కూడా చేసేలా మాట్లాడి నాన్న ఒక కృష్ణుణ్ణి తగ్గించాడు. ఆ మిగిల్చిన డబ్బు గురించి ఊళ్ళో సంవత్సరమంతా దెప్పారు. "మీ నాన్న కృష్ణుణ్ణి మింగాడ్రా" అని బడికెళ్ళే దారిలో నన్ను కూడా ఆపి చెప్పినవాళ్ళున్నారు.

నాన్న పద్దుల పుస్తకంలో పేర్లుండేవి కావు, పాత్రలే ఉండేవి. రాయబారం కృష్ణుడు ఇంత, దుర్యోధనుడు ఇంత, కర్ణుడు ఇంత. తరవాత డ్రెస్ కంపెనీ, కర్టెన్లు, మైకు సెట్టు, పెట్రోమాక్సులు, సోడాలు, సిగరెట్లు. హార్మోనిస్టు పద్దు ఆ వరసలో భీముడి కింద, సహదేవుడి పైన వచ్చేది. రాత్రంతా స్టేజీకి ఓ పక్కన కూర్చుని, లేవకుండా, ప్రతి పాత్రకీ శృతి అందించే మనిషి విలువ భీముడికీ సహదేవుడికీ మధ్య ఎక్కడో ఉండేదన్నమాట.

టిక్కెట్టు మాత్రం లేదు. ఎకరానికి ఇంత అని చందా వసూలయ్యేది. భూమి లేనివాళ్ళు పందిరికి తాటాకులు కొట్టుకొచ్చేవాళ్ళు, గుంజలు పాతేవాళ్ళు. ఎవరు ఎంత ఇచ్చినా ఎవరి చాప వాళ్ళు తెచ్చుకుని ఎక్కడ దొరికితే అక్కడ పరుచుకోవడమే.

*

డబ్బు లెక్కకి బయట ఇంకో లెక్క ఉండేది. వన్స్‌మోర్.

రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ఎత్తుకుని, చివరి పాదం దగ్గర రాగం తీస్తూ పోతుంటే పందిరంతా ఊపిరి బిగబట్టుకునేది. రాగం దిగగానే ఎక్కడో చీకట్లో నుంచి "వన్స్‌మోర్!" ఆ తరవాత ఇంకో పదిమంది. నటుడు కిరీటం సర్దుకుని, మాస్టారి వైపు ఓ చూపు చూసి మళ్ళీ అందుకునేవాడు. రెండోసారి మొదటిసారిలా పాడితే ఒప్పుకునేవాళ్ళు కాదు. రాగం మార్చాలి, కనీసం సంగతులైనా, అంటే అదే రాగంలో పలికే వరసలైనా మార్చాలి. ఇక్కడే మాస్టారి పని. నటుడు ఏ రాగంలోకి వెళ్ళబోతున్నాడో నోరు తెరిచే లోపలే ఆయన పెట్టె మీద చూపించేవారు. కొత్త నటుడైతే ఈయనే దారి చూపించి తీసుకెళ్ళేవారు. ఐదు శృతిలో మొదలెట్టినవాడు మూడు వన్స్‌మోర్‌లయ్యేసరికి గొంతు పోయి చూస్తుంటే, జనానికి తెలియకుండా నెమ్మదిగా నాలుగున్నరకి దించేసిన రోజులూ ఉన్నాయి.

మరుసటేడు బేరంలో ఆ వన్స్‌మోర్‌లే పనికొచ్చేవి. "మీ ఊళ్ళో పోయినేడు రాయబారానికి ఎన్నిసార్లు అడిగారో మీరే చెప్పండి" అని నటుడు అంటే నాన్న దగ్గర సమాధానం ఉండేది కాదు. జనం అడిగిన ప్రతి వన్స్‌మోర్ వచ్చే ఏడు మా కమిటీ నెత్తిన పడేది.

వినేవాళ్ళు మామూలు వాళ్ళు కారు. చదువురాని మా పాలేరు సుబ్బయ్యకి తిరుపతి వెంకట కవుల పద్యాలు వందకి తక్కువ కాకుండా నోటికి వచ్చు. పాటకంటే మాటకి విలువిచ్చే పీసపాటి నరసింహమూర్తి గొప్పా, రాగంతో పందిరిని ఊపేసే షణ్ముఖి ఆంజనేయరాజు గొప్పా అని కల్లం దగ్గర రాత్రంతా వాదించుకునేవాళ్ళు. మా నాయనమ్మ వీళ్ళెవరినీ లెక్కలోకి తీసుకునేది కాదు. ఆవిడ చిన్నతనంలో తెనాలిలో స్థానం నరసింహారావు గారిని సత్యభామ వేషంలో చూసింది. 1956లో ప్రభుత్వం ఆయనకి పద్మశ్రీ ఇచ్చిందని నాన్న పేపర్లో చదివి వినిపిస్తే, "ఇస్తే ఇచ్చార్లే, ఆడదానికి కూడా చీర కుచ్చెళ్ళు అంత ఒద్దికగా నిలవవురా" అందట. అంతకంటే పెద్ద బిరుదు ఆవిడ ఇంకెవరికీ ఇవ్వలేదు.

*

హరిశ్చంద్ర రాత్రి చదివింపుల రాత్రి. కాటి సీను వచ్చేదాకా జనం జేబుల్లో చెయ్యి పెట్టేవాళ్ళు కాదు. ఆ సీను వచ్చాక ఆగేవాళ్ళు కాదు.

నల్ల గొంగళి, చేతిలో కర్ర, కాటికాపరి వేషంలో హరిశ్చంద్రుడు. ఎదురుగా చచ్చిపోయిన లోహితాస్యుడు. మా ఊరి కరణం గారి మనవడే ప్రతి ఏడూ లోహితాస్యుడు, వాడు దోమ కుడితే గోక్కునేవాడు. చంద్రమతి ఏడుస్తోంది. కాటి సుంకం కట్టనిదే శవాన్ని కాల్చనివ్వనని మొగుడే పెళ్ళాంతో అంటున్నాడు. పందిట్లో ఆడవాళ్ళ ముక్కు ఎగబీల్పులు తప్ప ఇంకో చప్పుడు లేదు. సరిగ్గా అప్పుడు మైకులో, "శ్రీ ఫలానా వెంకటేశ్వర్లు గారు హరిశ్చంద్ర పాత్రధారి గారికి నూటపదహారు రూపాయలు చదివించారు, వారికి మా కమిటీ తరపున కృతజ్ఞతలు." ఆ పెద్దమనిషి పైపంచె సర్దుకుంటూ స్టేజీ ఎక్కి, నోట్లు గుండుసూదితో గొంగళికి గుచ్చి దిగిపోయేవాడు. ఆయన దిగగానే ఆయనంటే గిట్టని ఇంకో పెద్దమనిషి లేచేవాడు, రెండువందల పదహార్లతో.

రాజ్యం పోయి, ఆలుబిడ్డల్ని కాశీ వీధుల్లో అమ్ముకుని, సుంకం డబ్బుల కోసం కట్టుకున్న భార్యనే నిలదీస్తున్న మనిషి, ఒళ్ళంతా నోట్లు వేలాడుతుండగా పద్యం అందుకునేవాడు. ఎవరికీ నవ్వొచ్చేది కాదు. అందరికీ ఏడుపే వచ్చేది. నాకిప్పటికీ ఆ పందిరిలో అర్థం కానిది ఇదే. నోటు గుచ్చేవాడి లెక్క పక్కింటివాడి మీద పంతం. ఏడుపు మాత్రం పంతానిది కాదు, నిజంగా ఏడ్చేవాళ్ళు.

చదివింపులు హార్మోనిస్టుకి వచ్చినట్టు నాకు గుర్తులేదు. ఎవరైనా గోళీసోడా పంపించేవాళ్ళు. మాస్టారు కుడిచేత్తో వాయిస్తూనే ఎడంచేత్తో సోడా అందుకుని, పద్యానికీ పద్యానికీ మధ్య వచనంలో గుక్కెడు తాగి, సీసా పెట్టె పక్కన పెట్టుకునేవారు. తెల్లారేసరికి ఆ పక్కన ఎన్ని సీసాలుంటే ఆ రాత్రి అంత బాగా జరిగినట్టు.

*

తెల్లారాక నాటకం ఇంకోటి. డబ్బు పంపిణీ.

మా ఇంటి వెనక వసారాలో జరిగేది అది. నటులు కొబ్బరినూనె రాసుకుని పాత గుడ్డతో రంగు తుడుచుకుంటూ, ఒక చెంప ధర్మరాజు, ఒక చెంప మామూలు మనిషి, వరసగా కూర్చునేవాళ్ళు. ఒకసారి చంద్రమతి వేషం వేసినావిడకి మాట్లాడినదాంట్లో కొంత తగ్గించి ఇచ్చారు కమిటీవాళ్ళు. చందాలు పూర్తిగా రాలేదన్నారు. నోట్లు లెక్కపెట్టుకుని ఆవిడ కదల్లేదు.

"ఏమమ్మాయ్, బస్సు టైమవుతోంది" అన్నాడు మా పెదనాన్న.

"అమ్మాయినో అమ్మనో తరవాత చూసుకుందాం బాబుగారూ. మాట్లాడుకున్న డబ్బు సంగతి చూడండి. మీ అందరికీ ఏడుపు సరిగ్గానే ముట్టింది కదా, అందులో నేనేమన్నా తగ్గించానా?"

నాన్న లోపలికెళ్ళి, పెట్టెలోంచి కాదు, ఇంట్లో డబ్బు తెచ్చి ఇచ్చాడు. ఆడవేషాలకి వచ్చే నటీమణులకి మగవాళ్ళకంటే ఎక్కువే ఇవ్వాల్సి వచ్చేది, వాళ్ళు దొరకడమే కష్టం. అయితే వాళ్ళకి రాత్రి బస ఇవ్వడానికి ఏ ఇల్లూ ముందుకొచ్చేది కాదు. మా అమ్మ వేడినీళ్ళు పెట్టి కాఫీ ఇచ్చినందుకు వీధిలో వారం రోజులు మాట్లాడుకున్నారు. రాత్రి ఆవిడ ఏడిస్తే ఏడ్చినవాళ్ళే వాళ్ళంతా. ఆ రోజులు బంగారం, ఈ రోజులు ఇత్తడి అనేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే.

సురభి వాళ్ళ పద్ధతి వేరు. కడప జిల్లా సురభి అనే ఊళ్ళో 1885లో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన నాటక కుటుంబం వాళ్ళది. వాళ్ళ ఆడవేషాలు వాళ్ళింటి ఆడవాళ్ళే వేసేవాళ్ళు. తెనాలిలో డేరా వేస్తే నేల, బెంచీ, కుర్చీ అని టిక్కెట్లుండేవి. మేం నేల టిక్కెట్టు కొని మాయాబజారు చూశాం. గాల్లో లడ్డూలు వచ్చి ఘటోత్కచుడి నోట్లో పడుతుంటే నేను నాటకం చూడ్డం మానేసి తాడు ఎక్కడుందా అని వెతికాను. మర్నాడు పొద్దున డేరా వెనక్కి వెళ్ళి చూస్తే, ఘటోత్కచుడు పిల్లకి జడ వేస్తున్నాడు. అక్కడ బేరం లేదు, చదివింపులు లేవు. వచ్చిన టిక్కెట్ల డబ్బులతో అందరికీ ఒకటే వంట.

*

కోతలైపోయి కూలి పనులు తగ్గాక మాస్టారు మా ఊళ్ళోనే రెండు మూడు నెలలు మకాం పెట్టేవారు. ఊరి కుర్రాళ్ళకి నాటకం నేర్పడానికి. ఇక్కడ లెక్క తిరగబడేది. కాంట్రాక్టు నాటకంలో వేషానికి డబ్బిస్తాం, ఇక్కడ వేషం కట్టేవాడే డబ్బివ్వాలి. కృష్ణుడు కావాలంటే ఎక్కువ, ద్వారపాలకుడికి తక్కువ. మాస్టారి జీతం, డ్రెస్సుల అద్దె, కర్టెన్ల కిరాయి అన్నీ అందులోంచే. పోటీ ఎక్కువైతే వేలంపాట పెట్టేవాళ్ళు. మా ఊళ్ళో ఒకాయన దుర్యోధనుడి వేషం కోసం పాడిగేదెను అమ్మాడు. వాళ్ళావిడ ఆయన్ని చాలా కాలం పేరుతో పిలవలేదు, "మా రారాజు గారు" అనే అనేది, దెప్పుతూ. ముసలితనంలో అదే మాట మురిపెంగా అనేది.

మాస్టారికి భోజనం వారాలు. సోమవారం మా ఇల్లు. ఆ రోజు అమ్మ ముద్దపప్పు, గోంగూర తప్పకుండా చేసేది. ఆయన తిన్నాక వరండాలో కూర్చుని, రాగం అంటే ఏమిటో తెలియని రైతు కుర్రాళ్ళకి పద్యం నేర్పేవారు. స్వరాలు చెప్పేవారు కాదు. "ఇక్కడ ఎద్దుని అదిలించినట్టు అనాలి, ఇక్కడ మేనత్తతో మాట్లాడినట్టు అనాలి" అని చెప్పేవారు. వాళ్ళకి వెంటనే వచ్చేసేది. పగలు నాగలి పట్టిన చేతులు రాత్రి గద పట్టుకుని తిరుగుతుంటే నిద్రపోకుండా కూర్చుని చూసేవాణ్ణి. నాటకం రోజున వాళ్ళకి ఎవరూ పైసా ఇవ్వలేదు. ఆ పద్యాలు మాత్రం పొలం గట్ల మీద ఏళ్ళతరబడి వినిపించేవి, నీళ్ళు పెట్టేటప్పుడు, అర్ధరాత్రి కావలి కాసేటప్పుడు.

*

ఇంత పని చేసే ఆ పెట్టెకి రేడియోలో చోటు లేదని తెలిసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. విజయవాడ రేడియో కేంద్రం 1948లో వచ్చింది. మా వైపు కళాకారులకి ఆ గేటు దాటడం పెద్ద గౌరవం. ఆడిషన్ అయితే గ్రేడు ఇస్తారు, బి, బి హై, ఎ, ఆపైన టాప్. ఆ గ్రేడుని బట్టి డబ్బు, పెళ్ళిళ్ళలో కచేరీకి రేటు, ఊళ్ళో మర్యాద. కానీ ఆలిండియా రేడియో 1940లోనే హార్మోనియాన్ని బయటపెట్టేసింది. విదేశీ వాయిద్యమనీ, మెట్లకి కట్టేసిన స్వరాలతో మన గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ పలికే పలుకులు, పలకవనీ పెద్ద పెద్దవాళ్ళు తేల్చారు. రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా దాన్ని తన ఆశ్రమం నుంచి వెలివేశానని రేడియో వాళ్ళకి రాశారు. 1971లో ఆ నిషేధం కొంత సడలించేదాకా మూడు దశాబ్దాలు అదే తీరు.

రేడియోలో పద్యనాటకాలు వచ్చేవి. మాస్టారు మా పంచాయతీ రేడియో దగ్గర కూర్చుని వినేవారు. వింటూ, వేళ్ళతో తొడ మీద శృతి వాయించుకునేవారు. ఒకసారి ఎవరో అడిగారు, "మాస్టారూ, మీ పెట్టెలో గమకం పలకదంట కదా?"

"పలకదు. నిజమే" అన్నారాయన. "మరి పందిట్లో పదివేల మంది దగ్గర వాళ్ళ తంబూరా వినపడుతుందేమో అడుగు."

కోపంగా అనలేదు. రెండూ నిజాలే కదా అన్నట్టే అన్నారు.

*

తరవాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను, చెప్పడానికి ఎక్కువ లేదు. ఇళ్ళలోకి టీవీ వచ్చింది. పందిరి కింద రికార్డింగ్ డాన్సులొచ్చాయి. నటులకి సన్మానాలు మొదలయ్యాయి, శాలువాలు, మెమెంటోలు. 1998లో రాష్ట్ర ప్రభుత్వం నంది నాటకోత్సవాలు పెట్టి పద్యనాటకానికీ విడిగా బహుమతులిచ్చింది. మంచిదే. అయితే పోటీ నాటకానికి టైము కట్టి ఉంటుంది, ముందు వరసలో న్యాయనిర్ణేతలు మార్కులేస్తుంటారు. గంట కొట్టేలోపు దిగిపోవాల్సిన నాటకంలో వన్స్‌మోర్ ఎవరడుగుతారు? మాస్టారు అలాంటి పోటీలో ఒకసారి వాయించారు. బాగానే జరిగిందన్నారు. "మా వాడు రాగం తియ్యబోతే నేనే పెట్టె ఆపేశాను, మార్కులు పోతాయని."

ఆయన ఇంట్లో శాలువాలు చాలానే ఉన్నాయి. పెద్దకర్మ రోజున వాటిని బంధువులకి పంచారు. నాకూ ఒకటి వచ్చింది, ఇంకా కవరు విప్పలేదాయన.

మొన్న శ్రీరామనవమికి మా ఊరివాడే డల్లాస్‌లో ఉంటున్న కుర్రాడు, సుబ్బయ్య మనవడు, రాయబారం మొత్తం తన ఖర్చుతో ఆడించాడు. మంచి నటుల్ని పిలిపించాడు, అడిగినంతా ఇచ్చాడు. రంగు వేసుకోకముందే అందరి ఫోన్లకీ డబ్బు వచ్చేసింది. ఆ చంద్రమతి వేషం ఆవిడ బతికుంటే ఈ పద్ధతికి దణ్ణం పెట్టేది. మాట్లాడుకున్నదాంట్లో తగ్గించేది లేదు, వసారాలో పడిగాపులు లేవు. కుర్చీలు బోలెడు వేశారు, కూర్చున్నవాళ్ళు కొద్దిమంది. అక్కడ వాడికి పొద్దున కాబట్టి, వాడు ఫోన్లో చూస్తూ కూర్చున్నాడు. కృష్ణుడి పద్యం అవగానే వాడే ఫోన్ స్పీకర్లోంచి "వన్స్‌మోర్" అన్నాడు. స్టేజీ దాకా వినపడలేదు. నేను లేచి గట్టిగా అరిచాను. కృష్ణుడు ఉలిక్కిపడి, మైకు పక్కకి పెట్టి, ఇంకోసారి అందుకున్నాడు. రాగం మార్చాడు కూడా.

నాటకమయ్యాక ఆయన దగ్గరికి వెళ్ళి, కార్తీకంలో మళ్ళీ రాగలరా, ఎంతవుతుంది అని అడిగాను. వయసులో చిన్నవాడే, పగలు స్కూల్లో పాఠాలు చెబుతాడట. యూట్యూబ్‌లో ఆయన రాయబారం వీడియోలు చూసి విదేశాల నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయన్నాడు.

"క్లుప్తంగా అయితే రెండు గంటల్లో తేల్చేస్తామండి. రాగాలతో అయితే తెల్లారుతుంది. రేటు మాత్రం ఒకటే. ఇంతకీ మీ ఊళ్ళో రాగం వినేవాళ్ళున్నారా?"

మా వీధిలో ఉన్నవాళ్ళ పేర్లు వరసగా చెప్పాను. నాయుడు గారి పెద్దమ్మాయి, కోమట్ల వీధి మాస్టారు, రారాజు గారి కొడుకు, మా తమ్ముడు, ఇంకా కొందరు. ఆయన ఓపిగ్గా విని, నవ్వి, "అయితే రాగాలతోనే ఖాయం చేసుకోండి" అన్నాడు. అక్కడే నిలబడి అడ్వాన్సు పంపించాను.